కొండ దారికి ముందు సైకిల్ సర్వీసు: జయనగరంలోని ఒక చిన్న దుకాణం గురించి

ఈ జనవరిలో నేను ఒంటరిగా సైకిల్ మీద బెంగళూరు నుంచి బయలుదేరి, హోసూరు, కృష్ణగిరి మీదుగా ఏలగిరి, జవ్వాదు, ఏర్కాడు, కొల్లి కొండలు ఎక్కి దిగి, తొమ్మిదో రోజున సేలంలో రైలెక్కి తిరిగి వచ్చాను. మొత్తం దూరం 600 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. ఇవన్నీ మన తిరుమల, నల్లమల ఉన్న తూర్పు కనుమలకు చెందిన కొండలే కాబట్టి పరాయివి అనిపించలేదు గానీ, మెట్ల దారిన నడిచి ఎక్కడం వేరు, పన్నెండు కిలోల సామాను కట్టుకుని తొక్కుతూ ఎక్కడం వేరు. ప్రయాణానికి ముందు నా సైకిల్‌ను సిద్ధం చేసిచ్చిన, బెంగళూరు జయనగరంలోని ఒక చిన్న దుకాణం పనితనం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సర్వీసు అయిన రోజున మెరిసిపోతున్న సైకిల్‌ను చూసి రాసి ఉంటే ఇది వేరేగా ఉండేది. అందుకే తిరిగి వచ్చాక, బిగించినవాటిలో ఏవి నిలిచాయో ఏవి ఊడాయో తెలిసిన తరువాతే రాయాలని ఆగాను.

దుకాణం పేరు కావాలనే రాయడం లేదు. మెచ్చుకోవలసిన వాటితో పాటు, నన్ను నట్టడివిలో రోడ్డు పక్కన కూర్చోబెట్టిన ఒక తప్పు గురించి కూడా చెప్పాలి. ఇద్దరు మనుషులు నడుపుకుంటున్న దుకాణం మీద అలాంటి మాటను పేరు పెట్టి రాయడం నాకు సబబుగా తోచలేదు. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రెండు సైకిళ్ళు పక్కపక్కన నిలబెడితే మూడోదానికి చోటు లేని గది, గోడ నిండా మేకులకు వేలాడుతున్న పాత చైన్లు, పని మొత్తం ఫుట్‌పాత్ మీద. మేస్త్రీది ముళబాగిలు వైపు ఊరు. కోలారు తెలుగులో మాట్లాడతారు. పక్కన సహాయకుడిగా ఒక కుర్రవాడు ఉంటాడు, అతను కన్నడం తప్ప మరో భాష మాట్లాడడు.

నా సైకిల్ నాలుగేళ్ళ కిందట కొన్న మామూలు హైబ్రిడ్, అంటే రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకం. ఆఫీసుకు, ఆదివారాలు నంది కొండ దాకా పోయి రావడానికి బాగానే ఉండేది. దానికి ముందువైపు 48, 38, 28 పళ్ళ చక్రాలు మూడు, వెనుక 14 నుంచి 28 పళ్ళ దాకా ఏడు చక్రాల ఫ్రీవీల్ ఉండేవి. అన్నింటికంటే తేలిక గేరులో ముందు 28, వెనుక 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం కూడా సరిగ్గా ఒక చుట్టు తిరుగుతుంది, సైకిల్ రెండు మీటర్లకు పైగా ముందుకు పోతుంది. ఒట్టి సైకిల్‌తో ఇది భారం అనిపించదు. సామానుతో, గంటల తరబడి ఘాట్ రోడ్డు మీద, మోకాళ్ళు ఒప్పుకోవు. ఈ సంగతి తెలిసే నేను దుకాణానికి పోయాను. ఇంటర్నెట్‌లో రాత్రుళ్ళు కూర్చుని చదివి, మొత్తం గేర్ల సెట్టే మార్చాలని, హైడ్రాలిక్ బ్రేకులు పెట్టించాలని, ముందు చక్రానికి కూడా సంచులు కట్టించుకోవాలని ఒక పెద్ద పట్టీ రాసుకుని మరీ పోయాను. అంతా కలిపితే ముప్పై వేల పైచిలుకు అయ్యే పట్టీ అది.

మేస్త్రీ ఆ కాగితాన్ని చివరి దాకా చదివి, మడిచి నా చేతికే ఇచ్చేశారు. "ఇవన్నీ వద్దు సార్. ఎనక ఫ్రీవీలు మార్చుదాం, ముందర చిన్న చక్రం ఏద్దాం, అంతే. డబ్బులుండాయని ఇనుము మోసుకుంటే కొండెక్కేది మీరే గదా" అన్నారు. బెంగళూరులో ఏ దుకాణానికి పోయినా మనం అడిగినదానికంటే ఖరీదైనది చూపించేవాళ్ళే గానీ, చేతికి వచ్చిన బేరాన్ని ఇలా వెనక్కి నెట్టేవాళ్ళను నేను చూడలేదు. ముందువైపు 42, 32, 22 పళ్ళ సెట్టు, వెనుక 14 నుంచి 34 పళ్ళ ఫ్రీవీల్, కొత్త చైన్ వేశారు. ముందు పెద్ద చక్రం చిన్నదైంది కాబట్టి దాని మీద చైన్‌ను తోసే డిరైలర్‌ను కొద్దిగా కిందికి దించాలని, లేకపోతే గేరు మారేటప్పుడు చైన్ పక్కకు జారిపోతుందని చెప్పి, పది పైసల బిళ్ళ మందం ఖాళీ ఉండేలా దాన్ని సరిచేశారు. ఇప్పుడు తేలిక గేరులో పెడల్ ఒక చుట్టుకు సైకిల్ దాదాపు 1.4 మీటర్లు మాత్రమే పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 5 కిలోమీటర్ల వేగం. నడిచేవాడి వేగం అది. చులకనగా చూడదగినదేమీ కాదని కొల్లి కొండల మీద తెలిసింది.

బ్రేకుల విషయంలో ఆయన వాదన ఇంకా నచ్చింది. నా సైకిల్‌కు ఉన్నవి తీగతో పనిచేసే డిస్క్ బ్రేకులు. హైడ్రాలిక్ బ్రేకులు మెరుగైనవని ఆయనా ఒప్పుకున్నారు. కానీ నూనె కారితే కొండ మీద పల్లెలో దాన్ని బాగుచేసేవారు ఉండరని, తీగ తెగితే మాత్రం మోపెడ్లు బాగుచేసే ఏ షెడ్డులోనైనా ఏదో ఒకటి చేసి పంపుతారని చెప్పారు. నేను లోహపు పొడి కలిసిన ప్యాడ్లు అడిగితే, డిస్క్ మీద రెసిన్ ప్యాడ్లు, అంటే లోహం లేని మెత్తటివి, మాత్రమే వాడాలని ఇంగ్లీషులో సన్నగా చెక్కి ఉన్న అక్షరాలను టార్చి వేసి చూపించారు. నాలుగేళ్ళుగా ఆ సైకిల్ నా ఇంట్లోనే ఉంది, నేను ఒక్కసారి కూడా ఆ అక్షరాలు చూడలేదు. మెత్తటి డిస్క్‌కు గట్టి ప్యాడ్ వేస్తే డిస్కే అరిగిపోతుంది.

ఇక వెనుక చక్రం. సామాను బరువంతా దాని మీదే పడుతుంది, స్పోకులు తెగేది కూడా ఎక్కువగా వెనుక చక్రానికి చైన్ వైపునే. ఫ్రీవీల్‌కు చోటు కావాలి కాబట్టి ఆ వైపు స్పోకులు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. మేస్త్రీ చక్రాన్ని స్టాండుకు ఎక్కించి, బొటనవేలితో ఒక్కొక్క స్పోకునూ మీటుతూ చెవి దగ్గరగా పెట్టి విన్నారు. చైన్ వైపువి సన్నగా, రెండో వైపువి కొంచెం బొంగురుగా మోగుతాయి. ఒకే వైపున ఉన్నవి మాత్రం ఒకే తీరుగా మోగాలి. రెండు చోట్ల చప్పుడు తేడాగా వచ్చింది. అక్కడ ఆగి, సుద్దముక్కతో గుర్తు పెట్టి, స్పోకు కీతో పావు చుట్టు, అరచుట్టు తిప్పుతూ పోయారు. రిమ్ము బెండు తీయడం ఏ దుకాణంలోనైనా పావుగంటలో అయిపోయే పని. ఈయన రెండు గంటలు తీసుకున్నారు. మధ్యలో వచ్చిన ఇద్దరు గిరాకీలను కుర్రవాడి మీదకు తోసేశారు. తిరిగి వచ్చాక చూపిస్తే ఆ చక్రం ఇంకా సూటిగానే ఉంది, ఒక్క స్పోకు కూడా వదులు కాలేదు.

నా దృష్టిలో ఈ సర్వీసులో అన్నిటికంటే విలువైనది బిల్లులో లేదు. సైకిల్ ఇచ్చే రోజున, నా చేతనే వెనుక చక్రం మూడుసార్లు విప్పించి బిగింపజేశారు. చైన్ మధ్యలో ఉండే కొక్కెం లింకును చేత్తో ఎలా విప్పాలో, ట్యూబుకు ప్యాచ్ వేసేటప్పుడు జిగురు ఆరేదాకా ఎందుకు ఆగాలో, బ్రేకు ప్యాడ్ అరిగేకొద్దీ లోపలివైపు మరను ఎంతెంత తిప్పాలో చూపించారు. ఆ మర మీద తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, అక్కడి నుంచి లెక్క పెట్టుకోమన్నారు. ఏ బోల్టుకు ఏ ఎలన్ కీయో చెబుతూ, "నీళ్ళ బాటిలు స్టాండుదీ, క్యారియరుదీ ఒకే సైజు బోల్టు సార్, గుర్తు పెట్టుకోండి" అని ఒక మాట అన్నారు. అప్పుడు దానికి నేను తల మాత్రం ఊపాను. అదంతా అయ్యేసరికి రాత్రి తొమ్మిదిన్నర. దుకాణం షట్టరు సగం దించి, ఫుట్‌పాత్ మీద లైటు వేసుకుని నాకు పాఠం చెప్పినందుకు ఆయన పైసా అడగలేదు.

ఖర్చు మొత్తం ₹10,100 అయింది. అందులో మజూరీ ₹2,500. మిగతాది ముందు పళ్ళ సెట్టు, ఫ్రీవీల్, చైన్, బ్రేకు ప్యాడ్లు, తీగలు, వెనుక క్యారియర్. నాకు ఎక్కువ అనిపించలేదు. అయితే బిల్లు చేతిరాతతో, పొట్టి అక్షరాలతో ఉంది. ఏ భాగం ఏ కంపెనీదో రాయలేదు. రేపు వారంటీ అడగాలంటే చిక్కే.

అసలు చిరాకు ఆలస్యంతో వచ్చింది. మంగళవారం ఇస్తామన్న సైకిల్ శనివారం ఇచ్చారు. ఫోన్ చేస్తే ఎత్తరు. పోయి అడిగితే "ఐపోయింది సార్, రేపు" అంటారు. నేను ఆఫీసులో తొమ్మిది రోజుల సెలవు పెట్టుకుని, శుక్రవారం బయలుదేరాలని అన్నీ సర్దుకున్నవాడిని, శుక్రవారం సాయంత్రం విప్పి ఉన్న చక్రాన్ని చూసి ఒళ్ళు మండిపోయింది. పని బాగా చేసేవాళ్ళు మాట నిలబెట్టుకోకపోతే సర్దుకుపోవాలన్న నియమం ఏమీ లేదు. పనివాడు మంచివాడు అనగానే తక్కిన అన్ని లోపాలనూ మాఫీ చేసేయడం మనకు అలవాటు. నేను మాత్రం ఇందులో మార్కులు కోస్తాను.

ఆదివారం తెల్లవారుజామున బయలుదేరాను. హోసూరు దాకా చెప్పుకోవడానికి లారీల పొగ తప్ప ఏమీ లేదు. హోసూరు దాటాక టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నా సంచులు చూసి, మేస్త్రీ మాట్లాడే తెలుగులాంటి తెలుగులోనే "యాడికి పోతావు నాయనా ఒంటరిగా" అని అడిగారు. సరిహద్దు దాటినా భాష దాటలేదు. కృష్ణగిరి దాకా జాతీయ రహదారి మీద గేర్లు మార్చవలసిన అవసరమే పెద్దగా రాలేదు కాబట్టి కొత్త సెట్టు గురించి ఆ రోజు చెప్పగలిగింది ఒక్కటే: ముందు పెద్ద చక్రం 48 నుంచి 42కు తగ్గడం వల్ల పల్లం రోడ్డులో కాళ్ళు వేగంగా తిప్పినా సైకిల్ ఇంక పరుగెత్తదు. అక్కడ తొక్కడం ఆపి దొర్లిపోనివ్వడమే. ఎక్కడానికి తీసుకున్నది దిగేటప్పుడు వదులుకోవాలి. నాకు ఆ బేరం సమ్మతమే.

ఏలగిరి తొలి పరీక్ష. పొన్నేరి దగ్గర మొదలయ్యే ఆ ఘాట్ రోడ్డుకు 14 హెయిర్‌పిన్ మలుపులు, వాటికి తమిళ కవుల పేర్లు, దానగుణానికి పేరుబడ్డ పాతకాలపు రాజుల పేర్లు పెట్టారు. నాలుగో మలుపు దాకా ముందు మధ్య చక్రంతోనే లాక్కొచ్చి, ఐదో మలుపులో చిన్న చక్రానికి మార్చాను. కొత్తగా బిగించిన డిరైలర్ చైన్‌ను బరువు మీద ఉండగానే చప్పుడు లేకుండా కిందికి దించింది. పాత సెట్టుతో ఇలాంటి చోట నేను దిగి నెట్టేవాణ్ణి. ఆ రోజు పైదాకా ఒక్కసారి కూడా కాలు నేల మీద పెట్టలేదు.

తప్పు బయటపడింది జవ్వాదు కొండల్లో. ఆలంగాయం నుంచి ఎక్కి కావలూరు దాటే రోడ్డు అది. కావలూరులోనే మన దేశానికి గర్వకారణమైన వేధశాల ఉంది. దాని 2.3 మీటర్ల టెలిస్కోపుకు, వేధశాలకు పేరు ఇచ్చిన ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రికి కొడుకు. యురేనస్ గ్రహానికి వలయాలున్నాయని 1977లో తెలిసినప్పుడు ఆ కొండ మీద నుంచి కూడా చూసి నమోదు చేశారు. ఆ వేధశాలను నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం మా ఆఫీసు పక్కనే, కోరమంగలలో ఉంది. రోజూ దాని ముందు నుంచి పోతూ తల తిప్పనివాణ్ణి, ఇక్కడ మాత్రం గేటు ముందు సైకిల్ ఆపి కాసేపు నిలబడ్డాను. అక్కడి నుంచి మూడు నాలుగు కిలోమీటర్లు పోయానో లేదో, వెనుక కుడివైపు ఏదో టకటక కొట్టుకోవడం మొదలైంది. ముందు రాళ్ళు అనుకున్నాను. ఒక చిన్న పల్లంలో సంచి మొత్తం లోపలికి వాలి స్పోకులను గీరింది. దిగి చూస్తే క్యారియర్ కుడి కాలును ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టు లేదు. ఊడి ఎక్కడో పడిపోయింది.

వెనక్కి నడిచి అర కిలోమీటరు వెతికాను. చింతచెట్ల కింద ఎండుటాకుల్లో ఒక చిన్న బోల్టు దొరకడం కల్ల. జనవరి కాబట్టి చింతకాయలు పండి ఉన్నాయి. ఇళ్ళ ముందు ఆరబోసి, కర్రతో కొట్టి పెంకు రాలుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు నా వెతుకులాట చూసి ఏం పోయిందని తమిళంలో అడిగారు. నాకు వచ్చిన అరకొర తమిళంలో బోల్టు అన్నాను. వాళ్ళలో ఒకామె ఇంట్లోకి పోయి ఒక డబ్బా నిండా మేకులు, నట్లు తెచ్చి నా ముందు కుమ్మరించింది. దాంట్లో అన్నీ ఉన్నాయి, నాకు కావలసిన సన్న మర బోల్టు తప్ప. అప్పుడు గుర్తొచ్చింది మేస్త్రీ మాట. సీటు కింది గొట్టానికి ఉన్న నీళ్ళ బాటిల్ స్టాండును విప్పాను. రెండు బోల్టులు వచ్చాయి. ఒకటి క్యారియర్ కాలికి పెట్టి తిప్పితే, దాని కోసమే చేసినట్టు కూర్చుంది. రెండోది జేబులో వేసుకున్నాను. నీళ్ళ సీసాను సంచి మీద తాడుతో కట్టి, ఆ ఇంట్లో పెట్టిన సామల గంజి తాగి బయలుదేరాను. మొత్తం నలభై నిమిషాలు.

బోల్టు ఎందుకు ఊడిందో ఆ రాత్రి జమునామరత్తూరులో మిగతావాటిని తడిమి చూస్తే అర్థమైంది. క్యారియర్‌కు ఉన్న నాలుగు బోల్టుల్లో ఊడకుండా మిగిలిన మూడింటిలో రెండింటికే అడుగున పళ్ళ వాషర్ ఉంది. ఎడమ కాలి బోల్టుకు లేదు, ఊడిపోయిన కుడిదానికి కూడా ఉండి ఉండదు అనుకోవాలి. ఇక మరలు కదలకుండా పూసే నీలం జిగురు దేనికీ పూయలేదు. కింది బోల్టులు రెండూ ఎవరు బిగించారో నేను ఊహించగలను: మేస్త్రీ స్పోకులు మీటుతున్న ఆ రెండు గంటల్లో క్యారియర్ పని కుర్రవాడి చేతిలో ఉంది. కానీ పని ఎవరు చేసినా, బయటికి పంపే ముందు ఒకసారి చూడవలసింది మేస్త్రీయే. చక్రానికి రెండు గంటలు కేటాయించినవారు క్యారియర్ బోల్టుల మీద ఒక నిమిషం పెట్టకపోవడం చిన్న పొరపాటు కాదు. అదే దిగుడులో, వేగంలో ఉండగా సంచి స్పోకుల్లోకి పోయి ఉంటే నేను ఈ సమీక్ష వేరే చోట పడుకుని రాసేవాణ్ణి.

చెంగం వైపు దిగి హరూరు పోయే రోజున ఒక తుమ్మముల్లు వెనుక టైరులో దిగింది. దుకాణంలో నేర్చుకున్న ప్రకారం ప్యాచ్ వేశాను, జిగురు ఆరేదాకా ఆగాను కూడా. మేస్త్రీ నా ట్యూబులకు మోటారు సైకిల్ ట్యూబులకు ఉండే లావుపాటి వాల్వు ఉన్నవే ఎంచి పెట్టారు కాబట్టి, హరూరులో ఒక టైర్ల షెడ్డులో కంప్రెసర్‌తో గాలి పట్టించుకోగలిగాను. సన్న వాల్వు ఉంటే చేతిపంపుతో సాయంత్రం దాకా తంటాలే.

కుప్పనూరు దారిన ఏర్కాడు ఎక్కి, మరునాడు సేలం వైపు దిగాను. అటువైపు 20 హెయిర్‌పిన్ మలుపులు. కాఫీ కోతల కాలం కావడంతో జీపులు ఎదురొస్తూనే ఉన్నాయి. దిగేటప్పుడు మేస్త్రీ చెప్పిన పద్ధతి ఇది: బ్రేకును అదిమిపట్టి దిగకూడదు, మలుపుకు ముందున్న తిన్నని రోడ్డులోనే గట్టిగా పట్టి వేగం తగ్గించి, మలుపులో వదిలేయాలి. ఊరికే పట్టుకుని ఉంటే డిస్క్ వేడెక్కి రెసిన్ ప్యాడ్లు జారడం మొదలవుతుంది. పన్నెండో మలుపు దగ్గర వెనుక బ్రేకు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేసింది. ఆగి, తెల్ల గీతను చూసుకుని, లోపలి మరను రెండు మెట్లు తిప్పాను. బ్రేకు మళ్ళీ మొదటిలా పట్టింది. ఆ గీత లేకపోతే ఎంత తిప్పాలో తెలియక ప్యాడ్‌ను డిస్క్‌కు అతికించేసి ఉండేవాణ్ణి.

కొల్లి కొండల 70 మలుపుల సంగతి తమిళనాడులో బండి నడిపేవాళ్ళందరికీ తెలుసు. ప్రతి మలుపు దగ్గరా బోర్డు మీద దాని సంఖ్య ఉంటుంది. సైకిల్ మీద వెళ్ళేవాడికి ఆ బోర్డులు ధైర్యమూ చెబుతాయి, వెక్కిరిస్తాయి కూడా. ముప్పై అయ్యాక ఇంకా సగం కూడా కాలేదని లెక్క వేసుకోవడం అంత మంచి పని కాదు. ఆ రోజు మొత్తం ముందు 22, వెనుక 34 మీదే నడిచింది. దారిలో ఆగి నీళ్ళు తాగడం, అరటిపళ్ళు తినడం, కోతుల నుంచి ఆ అరటిపళ్ళు కాపాడుకోవడం కలిపి నాలుగు గంటల ఇరవై నిమిషాలు పట్టింది. మోకాళ్ళు నొప్పి పెట్టలేదు. సెమ్మేడులో, ఈ కొండలను ఏలిన వల్విల్ ఓరి విగ్రహం ఎదురుగా సైకిల్ ఆనించి, చైన్‌ను చేత్తో తిప్పి చూశాను. మసి పట్టి ఉంది గానీ ఒక్క లింకు కూడా బిగుసుకోలేదు.

ఇంత మెచ్చుకున్నాక ఇంకో లోపం చెప్పక తప్పదు. మనిషి కొలతకు సైకిల్‌ను సరిచేయడం ఈ దుకాణానికి చేతకాదు. మడమ పెడల్ మీద పెట్టి కాలు తిన్నగా చాస్తే సరిపోవాలన్న పాత పద్ధతిలో సీటు ఎత్తు పెట్టారు, అది సరిపోయింది. కానీ హ్యాండిల్ నాకు దూరంగా ఉందన్న సంగతి ఆయన గమనించలేదు, నేనూ అడగలేదు. ఐదో రోజు నుంచి రెండు చేతుల చిటికెన వేళ్ళూ, వాటి పక్క వేళ్ళూ మొద్దుబారాయి. అరచేతి అంచున పోయే నరం నొక్కుకుపోతే అలా అవుతుందని, హ్యాండిల్ చివర్లకు చిన్న కొమ్ముల్లాంటివి బిగించుకుంటే చేతుల పట్టు మార్చుకుంటూ ఉండవచ్చని ఆ తరువాత తెలిసింది. తిమ్మిరి పోవడానికి రెండు వారాలు పట్టింది. షర్టు గుండీలు పెట్టుకోవడం కూడా కష్టమైంది. దూరం పోయేవాళ్ళు మరమ్మతు ఇక్కడ, కొలతలు వేరే చోట చేయించుకోవడం మేలు.

తిరిగి వచ్చిన వారానికి సైకిల్ తీసుకుని పోయాను. సేలంలో పార్శిల్‌గా వేసినప్పుడు ఒక పెడల్ గీరుకుపోయింది, అది సాకు. బోల్టు సంగతి చెప్పాను. మేస్త్రీ ఏమీ అనలేదు. కుర్రవాణ్ణి పిలిచి కూడా ఏమీ అనలేదు. కింద కూర్చుని, క్యారియర్ బోల్టులు నాలుగూ విప్పి, కాగితం మీద వరసగా పెట్టి, వాషర్లు లేనివాటిని వేలితో పక్కకు జరిపారు. కొత్త వాషర్లు వేసి, ప్రతి బోల్టు మర మీదా నీలం జిగురు చుక్క పెట్టి బిగించారు. తరువాత అదే పని కుర్రవాడి చేత వేరే సైకిల్ మీద చేయించారు. నా బాటిల్ స్టాండు బోల్టును దాని చోట పెట్టి, "బెంగళూరులో నేర్చుకొన్న పని అడివిలో పనికొచ్చె గదా సార్" అని మాత్రం అన్నారు. నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. డబ్బులు తీసుకోలేదు, పెడల్‌కు కూడా.

దూర ప్రయాణాలకు సైకిల్ సిద్ధం చేయించుకోవాలనుకునేవాళ్ళకు నేను ఈ దుకాణాన్నే చెబుతున్నాను, రెండు షరతులతో: బయలుదేరే ముందు ప్రతి బోల్టునూ మీ చేతులతో మీరు ఒకసారి బిగించి చూసుకోండి, ఏ భాగం వేశారో బిల్లు మీద దగ్గరుండి రాయించుకోండి. ఆదివారం మధ్యాహ్నం తరువాత ఉండరు. పోయే ముందు ఫోన్ చేయడం దండగ.

వచ్చే నెలలో మదనపల్లె మీదుగా హార్స్‌లీ కొండకు పోవాలనుకుంటున్నాను. హ్యాండిల్ కొమ్ములు బిగించడానికి, చైన్ మార్చడానికి సైకిల్‌ను మొన్ననే ఇచ్చి వచ్చాను. ఎప్పుడు బయలుదేరుతారు సార్ అని మేస్త్రీ అడిగితే, అసలు తేదీకి వారం ముందు తేదీ చెప్పాను.